సముద్ర తాబేలు ఎదురైతే ఏం చేయాలి: నెల్లూరు, ప్రకాశం తీరవాసులకు ఒక మార్గదర్శిని

జనవరి నుంచి ఏప్రిల్ దాకా మైపాడు, కొత్తకోడూరు, తుమ్మలపెంట, రామాయపట్నం, పాకల, కొత్తపట్నం తీరాల్లో తెల్లవారకముందే నడిచేవారికి నీటి అంచు నుంచి సరుగుడు తోటల వైపు ట్రాక్టరు చక్రం పోయినట్టు ఒక చార అప్పుడప్పుడు కనిపిస్తుంది. కొంత దూరం పోయి, అక్కడ ఇసుకను కెలికి, మళ్లీ సముద్రం వైపే మళ్లిన ఆ చార తాబేలు జాడ. దానిని చూసినవారిలో కొందరు గుడ్లున్నాయేమోనని చేత్తో తవ్వి చూస్తారు, తక్కినవారు పట్టించుకోకుండా నడిచిపోతారు. ఈ రెండింటికీ మధ్య సామాన్యుడు చేయగలిగిన పని చాలా ఉంది. ఆ పనిని వరుసగా చెప్పడానికే ఈ వ్యాసం.

మొదట ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. మన తీరంలో గుడ్లు పెట్టే తాబేళ్లు దాదాపు అన్నీ ఆలివ్ రిడ్లీ జాతివి. పచ్చ తాబేలు మన దేశంలో ప్రధానంగా గుజరాత్ తీరంలోను, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవుల్లోను గుడ్లు పెడుతుంది. మనకు దక్షిణాన మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతాల్లోని సముద్రపు గడ్డి మైదానాల్లో మేస్తుంది. మన నీళ్లలో అది బాటసారి. కాబట్టి రిడ్లీని ఇసుక మీద కాపాడుకోవాలి, పచ్చ తాబేలును వల దగ్గర కాపాడుకోవాలి. ఈ తేడా తెలియక, తాబేళ్ల సంరక్షణ అంటే గుడ్లు ఏరి పిల్లలను వదలడమేనని మన దగ్గర చాలామంది అనుకుంటున్నారు.

ముందు ఏ తాబేలో తేల్చుకోవడం

రంగును నమ్ముకోకూడదు. పచ్చ తాబేలు పైచిప్ప పచ్చగా ఉండదు. గోధుమ, ఆలివ్, నలుపు చాయలు కలిసి, పలకల మీద సూర్యకిరణాల్లాంటి గీతలతో ఉంటుంది. ఆ పేరు దాని కొవ్వుకు ఉన్న పచ్చ రంగు వల్ల వచ్చింది. ఆలివ్ రిడ్లీ చిప్ప బూడిద కలిసిన ఆకుపచ్చగా, దాదాపు గుండ్రంగా ఉంటుంది. తడిసినప్పుడు, నాచు పట్టినప్పుడు రెండూ ఒకేలా కనిపిస్తాయి.

నమ్మదగిన గుర్తులు రెండున్నాయి. చిప్ప మధ్యలో మెడ నుంచి తోక దాకా ఒక వరుస పలకలుంటాయి. దానికి రెండు వైపులా ఉన్న పక్క పలకలను లెక్కపెట్టాలి. ఒక్కో వైపు 4 మాత్రమే ఉంటే పచ్చ తాబేలు కావచ్చు. 5 నుంచి 9 దాకా, సాధారణంగా 6 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఆలివ్ రిడ్లీ. రెండు వైపులా లెక్క సమానంగా లేకపోయినా ఆశ్చర్యపోనక్కర్లేదు, రిడ్లీలలో అది మామూలే. రెండో గుర్తు ముఖం మీద ఉంటుంది. ముక్కుకు పైన, రెండు కళ్ల మధ్య ఉన్న పొడవాటి పొలుసులు ఒక్క జతే అయితే అది పచ్చ తాబేలు. రెండు జతలైతే కాదు. పక్క పలకలు నాలుగే ఉండి, ముఖం మీద రెండు జతల పొలుసులుండి, ముక్కు చిలక ముక్కులా వంగి ఉంటే అది హాక్స్‌బిల్ తాబేలు. పలకలే లేకుండా నల్లని తోలు మీద పొడవునా గట్లు తీరి ఉంటే లెదర్‌బ్యాక్. ఈ రెండూ మన దగ్గర బహు అరుదు కనుక, కనిపిస్తే ఫొటో తప్పక తీయాలి.

పరిమాణం కూడా సాయపడుతుంది. ఎదిగిన రిడ్లీ చిప్ప 60 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 35 నుంచి 50 కిలోలు. ఇద్దరు మనుషులు సులువుగా ఎత్తగలరు. ఎదిగిన పచ్చ తాబేలు చిప్ప మీటరు దాకా, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది. బరువు 100 కిలోలు దాటుతుంది. అయితే మన వలల్లో పడే పచ్చ తాబేళ్లు ఎదగని పిల్లలు కూడా కావచ్చు కనుక కొలత ఒక్కదానితోనే తీర్పు చెప్పకూడదు. కొలవడానికి దర్జీ టేపు చాలు: మెడ వెనుక చిప్ప మొదలయ్యే చోటు నుంచి తోక మీది చివరి అంచు దాకా, వంపు వెంబడి టేపును ఆనించి కొలిచి రాసుకోవాలి.

పచ్చ తాబేలు బతుకు తీరు

పిల్లగా ఉన్నంతకాలం పచ్చ తాబేలు నడిసముద్రంలో తేలుతూ దొరికిన చిన్న జీవులను, నాచును తింటుంది. కొన్నేళ్లకు, చిప్ప అడుగు పొడవుకు వచ్చాక, తీరానికి దగ్గరగా వచ్చి శాకాహారానికి మళ్లుతుంది. దాని దవడ అంచు రంపంలా పళ్లుపళ్లుగా ఉంటుంది. మన కొడవలికి పళ్లు పెట్టింది ఎందుకో ఇదీ అందుకే. సముద్రపు గడ్డిని ఒకే చోట మళ్లీమళ్లీ కొరుకుతూ, అక్కడ లేత చిగురు వస్తూనే ఉండేట్టు చూసుకుంటుంది. పశువులు మేసిన బీడులో లేత గడ్డి మొలిచినట్టే ఇదీ. ఆ గడ్డి మైదానాలే చేప పిల్లలకు, రొయ్య పిల్లలకు నీడ.

ఇది ఈడుకు రావడానికి 25 నుంచి 35 ఏళ్లు, కొన్ని చోట్ల ఇంకా ఎక్కువ పడుతుంది. ఈ ఏడాది గుడ్డు నుంచి వచ్చిన ఆడపిల్ల తొలిసారి ఇసుక తవ్వేనాటికి, ఇప్పుడు తల్లి ఒడిలో ఉన్న మనిషి బిడ్డకు తన బిడ్డలుంటారు. ఈడుకు వచ్చాక కూడా ఏటా గుడ్లు పెట్టదు. రెండు నుంచి నాలుగేళ్లకు ఒకసారి తాను పుట్టిన ప్రాంతానికి తిరిగి వచ్చి, ఒకే కాలంలో సుమారు రెండు వారాల ఎడంతో పలుమార్లు, విడతకు వంద పైచిలుకు గుడ్లు పెడుతుంది. ఇంత నెమ్మదిగా నడిచే లెక్కలో ఈడుకు వచ్చిన ఒక్క ఆడ తాబేలు వలలో చచ్చిపోతే, ఆ లోటును బుట్టెడు పిల్లలను వదిలి పూడ్చలేము.

ఒక శుభవార్త కూడా ఉంది. దశాబ్దాల పాటు అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా లెక్కించిన పచ్చ తాబేలును, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2025 అక్టోబరులో తక్కువ ఆందోళన గల జాతుల జాబితాలోకి మార్చింది. గుడ్ల తీరాలను కాపాడటం, వేటను ఆపటం, వలల్లో చావులను తగ్గించటం వల్లనే ఇది సాధ్యమైంది. పూర్వపు సంఖ్యతో పోలిస్తే ఇప్పటికీ అవి తక్కువే. మన చట్టంలోనూ దాని స్థానం మారలేదు: సముద్ర తాబేళ్లన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటిని చంపినా, మాంసం గాని గుడ్లు గాని దగ్గర పెట్టుకున్నా 3 నుంచి 7 ఏళ్ల జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా పడతాయి.

జాడను చదవడం

రిడ్లీ తేలికైనది కనుక ఒక పక్క తెడ్డు తరువాత రెండో పక్క తెడ్డు వేస్తూ పాకుతుంది. జాడలో ఎడమ, కుడి గుర్తులు ఎదురెదురుగా పడవు, చార మొత్తం వెడల్పు ముప్పావు మీటరు ఉంటుంది. పచ్చ తాబేలు ముందరి తెడ్లు రెంటినీ ఒక్కసారే వేసి బరువైన ఒంటిని ముందుకు జరుపుకొంటుంది కనుక గుర్తులు జంటలుగా పడతాయి, చార మీటరుకు అటూ ఇటూ ఉంటుంది, నడుమ తోక ఈడ్చిన గీత కనిపిస్తుంది. గుడ్లు పెట్టిన చోట పచ్చ తాబేలు తన ఒళ్లంతా దిగేంత పెద్ద గుంట చేస్తుంది. రిడ్లీ చోటు తేలికగా కెలికిన ఇసుకలా మాత్రమే ఉంటుంది. మీటరు వెడల్పు జాడ, లోతైన గుంట మన తీరంలో కనిపిస్తే అది చెప్పుకోదగ్గ సంగతి కనుక, కొలబద్దగా చెప్పునో నీళ్ల సీసానో పక్కన పెట్టి ఫొటో తీసి, వెంటనే అటవీ శాఖకు తెలపాలి.

తెడ్డు ఇసుకను వెనక్కి నెడుతుంది కాబట్టి, ప్రతి గుర్తులోనూ ఇసుక కుప్ప పడిన వైపు తాబేలు వచ్చిన వైపు. దీనితో ఎక్కిన చార ఏది, దిగిన చార ఏది అన్నది తేలుతుంది. రెండు చారలూ ఉండి నడుమ ఎక్కడా ఇసుక కెలికిన గుర్తు లేకపోతే, తాబేలు గుడ్లు పెట్టకుండానే తిరిగి వెళ్లిందని అర్థం; దగ్గర్లో వెలుతురు ఉందా, కుక్కలున్నాయా, మనుషుల సందడి జరిగిందా అని చూసి రాసుకోవాలి.

కెలికిన చోటు కనబడితే పుల్లతో పొడవవద్దు. గుడ్ల గది ఎక్కడుందో కర్రతో తడిమి తెలుసుకోవడం శిక్షణ పొందినవారి పని. అనుభవం లేనివారి కర్ర గుడ్డులోకే దిగుతుంది. ఫోనులో ఆ చోటు స్థానాన్ని భద్రపరచి, తేదీ, సమయం, పోటు గీతకు ఎంత దూరమో రాసుకొని, తీరానికి బాధ్యుడైన అటవీ బీటు అధికారికి చెప్పాలి. ఆయన దొరకకపోతే గ్రామ సచివాలయంలోని మత్స్య సహాయకుడి ద్వారా కబురు పంపవచ్చు. ఆ తరువాత చారను కాలితో చెరిపివేయాలి. ఒకటే జాడను ఇద్దరు లెక్కించకుండా ఉంటుంది, గుడ్ల కోసం తిరిగేవారికి దారి చూపించకుండానూ ఉంటుంది.

రాత్రి తాబేలే ఎదురైతే

దీపం ఆర్పి, ఉన్నచోటనే కూర్చోవాలి. చాలా ఏళ్ల క్రితం పాకల దగ్గర ఒక ఫిబ్రవరి రాత్రి, నీటి నుంచి అప్పుడే బయటపడిన రిడ్లీని బాగా చూడాలన్న తొందరలో నేను టార్చి వేశాను. అది తల ఎత్తి, క్షణం ఆగి, ఉన్నచోటనే అర్ధవృత్తంలా తిరిగి అలల్లోకి వెళ్లిపోయింది. ఆ రాత్రి మళ్లీ రాలేదు. తాబేలు ఇసుక ఎక్కేటప్పుడు, గుంట తవ్వేటప్పుడు చిన్న అలికిడికైనా బెదురుతుంది. గుడ్లు జారడం మొదలయ్యాక మాత్రం అంతగా చలించదు. అందుకే తప్పనిసరిగా చూడవలసినవారు దాని వెనుక నుంచి, దూరంగా, ఎర్రని వెలుతురుతో మాత్రమే, ఆ దశలోనే చూడాలి.

వెనుక కాళ్లను గరిటెల్లా మార్చి మార్చి వాడుతూ అది మోచేయి లోతున కూజా ఆకారపు గుంట తవ్వుతుంది. సుమారు వంద గుడ్లు, పింగ్‌పాంగ్ బంతుల్లా తెల్లగా, తోలులా మెత్తగా, రెండేసి మూడేసి చొప్పున జారుతాయి. కళ్లవెంట కారే జిగట నీరు ఏడుపు కాదు. ఒంట్లో చేరిన ఉప్పును గ్రంథులు బయటకు పంపుతున్నాయి. చివర రిడ్లీ తన అడుగు చిప్పతో ఇసుకను ఆ పక్కా ఈ పక్కా దబదబ కొట్టి గట్టి చేస్తుంది. పక్కన కూర్చున్నవారికి రోట్లో పిండి దంచిన చప్పుడులా వినిపిస్తుంది.

గుడ్లు, పిల్లలు

గుడ్లను మార్చడం అనుమతి ఉన్నవారే చేయాలి. దాని వెనుక ఒక శాస్త్రీయ కారణం ఉంది. గుడ్డు పెట్టిన కొద్ది గంటలకు పిండం పెంకు లోపలి పొరకు పైభాగాన అతుక్కుంటుంది. ఆ తరువాత గుడ్డును దొర్లించినా, తలకిందులు చేసినా ఆ అతుకు తెగి పిండం చనిపోతుంది. పోటుకు కొట్టుకుపోయే చోటైతే, కుక్కలు తవ్వే చోటైతే, సిబ్బంది ఆ తొలి గంటల్లోనే గుడ్లను దొర్లించకుండా తీసుకెళ్లి కంచె వేసిన సంరక్షణ కేంద్రంలో అంతే లోతున పూడ్చిపెడతారు. ఉదయం పదింటికి చెప్పే కబురు కంటే తెల్లవారకముందే చెప్పిన కబురు విలువైనది ఇందుకే.

పుట్టబోయేది ఆడదో మగదో గుడ్డు తేల్చదు, ఇసుక వేడి తేలుస్తుంది. సుమారు 29 డిగ్రీలకు తక్కువైతే మగవి, ఎక్కువైతే ఆడవి అధికంగా పుడతాయి; పొదుగు కాలంలో నడుమ మూడోవంతు ఇందుకు కీలకం. మన మార్చి ఎండల్లో కేంద్రం మీద తాటాకు పందిరి వేయడం మరణాలను తగ్గించడానికే కాదు, ఈ పాళ్లు మరీ ఒకవైపుకు ఒరిగిపోకుండా ఉండటానికి కూడా.

రిడ్లీ గుడ్లు 45 నుంచి 60 రోజుల్లో పొదుగుతాయి. పిల్లలు గుంటలోనే కలసికట్టుగా పైకి తవ్వుకొని, పై ఇసుక చల్లబడిన వేళ, అంటే రాత్రి గాని తెల్లవారుజామున గాని బయటకు వస్తాయి. వాటి ఒంట్లో మిగిలిన పచ్చసొనే వాటికి తొలి రోజు ఆహారం. దానితోనే అవి సుమారు ఒక పగలూ ఒక రాత్రీ ఆగకుండా ఈది, దగ్గరి నీళ్లలోని చేపలను దాటిపోతాయి. పిల్లలను బకెట్టులో పెట్టి, ముఖ్య అతిథి వచ్చేదాకా, ఫొటోలు ముగిసేదాకా ఆపితే ఆ సొన బకెట్టులోనే ఖర్చయిపోతుంది. అటువంటి కార్యక్రమాలకు పిలుపు వస్తే, ఎన్ని గంటలకు వదులుతారని అడగండి. ఎండలో అని జవాబు వస్తే వెళ్లవద్దు. వదిలేటప్పుడు వాటిని నీళ్లలోకి విసరకూడదు. తడి ఇసుకకు కొన్ని మీటర్ల ఇవతల వదిలి, వాటంతట అవే నడిచిపోనివ్వాలి.

పిల్లలు వెలుతురు ఎక్కువగా ఉన్న దిగంతం వైపు నడుస్తాయి. సహజంగా అది సముద్రమే. ఒడ్డున రొయ్యల హేచరీ దీపాలో, రిసార్టు దీపాలో వెలుగుతుంటే అవి అటు మళ్లి, పొద్దునకు రోడ్డు మీదనో గుంటల్లోనో ఎండిపోయి కనిపిస్తాయి. జనవరి నుంచి మే దాకా సముద్రం వైపు దీపాలను రాత్రిళ్లు ఆర్పడం మేలు. భద్రత కోసం తప్పదనుకుంటే వాటిని కిందికి దించి, సముద్రం వైపు రేకు అడ్డం పెట్టి, పసుపు ఎరుపు చాయ బల్బులు వాడాలి. రొయ్యల సాగుదారులు దీనిని తమ వ్యాపారానికి అడ్డుగా చూడనక్కర్లేదు. ఖర్చు ఒక రేకు ముక్క.

వలలో చిక్కినప్పుడు

పచ్చ తాబేలు విషయంలో అసలైన పని ఇక్కడే ఉంది. విశ్రాంతిగా పడుకున్న పచ్చ తాబేలు నీటి అడుగున గంటల తరబడి ఊపిరి బిగపట్టగలదు. వలలో పెనుగులాడేది అంతకంటే చాలా తక్కువ సేపట్లోనే మునిగి చనిపోతుంది. వల లాగినప్పుడు కదలకుండా ఉన్నంత మాత్రాన అది చనిపోయిందనుకోకూడదు. స్పృహ తప్పిన తాబేలు గంటల తరువాత కూడా లేవగలదు.

మొదట వలను కోసి తప్పించాలి. కాళ్లు పట్టుకొని లాగకూడదు. చిప్పను రెండు పక్కలా పట్టుకొని ఎత్తాలి. వెల్లకిలా పడుకోబెడితే లోపలి అవయవాల బరువు ఊపిరితిత్తుల మీద పడుతుంది కనుక బోర్లా, అడుగు చిప్ప మీదనే ఉంచాలి. వెనుక భాగం కింద పాత టైరునో వల మూటనో పెట్టి జానెడు ఎత్తు చేస్తే ఊపిరితిత్తుల్లో చేరిన నీరు నోటి నుంచి దిగిపోతుంది. నీడలో ఉంచి, తడి గోనెపట్టా కప్పాలి. ముక్కు రంధ్రాలు మూసుకుపోకూడదు. అప్పుడప్పుడు చిప్పను కొద్దిగా ఒక పక్కకు, తరువాత రెండో పక్కకు ఊపాలి. కనురెప్పను వేలి కొసతో తాకితే కదిలిందంటే ప్రాణం ఉన్నట్టే. కనీసం 4 గంటలు, అవసరమైతే 24 గంటల దాకా చూడాలి. తెడ్లు బలంగా ఆడించడం మొదలయ్యాక, ఇంజనును న్యూట్రల్‌లో పెట్టి, దగ్గర్లో వలలు లేని చోట, పడవ వెనుక అంచు నుంచి తల ముందుగా మెల్లగా నీళ్లలోకి జార్చాలి. పాలేల్లో కూర్మావతారమని దండం పెట్టి వదిలే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. దండానికి ముందు ఈ 4 గంటలు కూడా చేరితే తాబేలు నిజంగా బతుకుతుంది.

ఫైబర్ పడవల వలల కంటే పెద్ద ట్రాలర్ల వలలతో ముప్పు ఎక్కువ. ట్రాల్ వల మెడలో ఇనుప ఊచల జాలీ అమర్చి, పైనో కిందనో ద్వారం పెట్టే పరికరమే తాబేళ్లను తప్పించే టెడ్. రొయ్యలు ఊచల సందుల్లోంచి వెనక్కి పోతాయి, తాబేలు జాలీకి తగిలి ద్వారంలోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగినట్టు ఒక నమూనాను తయారుచేసింది. టెడ్ లేకుండా సముద్రంలో పట్టిన మన రొయ్యలను అమెరికా కొనదు. గుంటల్లో పెంచిన వెనామీ రకం రొయ్యలకు ఆ నిషేధం వర్తించదు కనుక నెల్లూరులో దీని గురించి మాట్లాడేవారు తక్కువ. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల వేట నిషేధం కూడా తాబేళ్లకు పెద్దగా పనికిరాదు, అది మొదలయ్యేసరికి అవి గుడ్లు పెట్టే కాలం దాదాపు ముగిసిపోతుంది. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు మరపడవలు రాకూడదన్న నియమాన్ని జనవరి నుంచి మార్చి దాకా గట్టిగా అమలు చేస్తే మన తీరపు తాబేళ్లకు ఎక్కువ మేలని నా అభిప్రాయం. అది చిన్న పడవలవారు ఎప్పటినుంచో అడుగుతున్నదే.

కళేబరం కొట్టుకువస్తే

ఉత్త చేతులతో ముట్టుకోకూడదు. పలకలు లెక్కపెట్టి జాతిని గుర్తించి, చిప్ప కొలిచి, మెడకు వల తాడు బిగిసిందా, చిప్పకు పడవ పంకా దెబ్బ ఉందా, పచ్చ తాబేలైతే కళ్ల చుట్టూ, మెడ మీద కాలీఫ్లవర్ వంటి కణితులున్నాయా అని చూసి ఫొటోలు తీయాలి. శవపరీక్ష అవసరమో కాదో అటవీ శాఖ నిర్ణయించేదాకా కదపకూడదు. ఆ తరువాత చిప్ప మీద రంగుతో గుర్తు వేసి, పోటు గీతకు పైన లోతుగా పూడ్చాలి; గుర్తు లేకపోతే మరుసటి అల మరో పాలెంలో తేల్చి, అక్కడివారు దానిని కొత్తగా లెక్కిస్తారు.

పూడ్చేముందు ముందరి తెడ్ల వెనుక అంచును తప్పక వెదకాలి. పరిశోధకులు అక్కడ చిన్న లోహపు బిళ్ల బిగిస్తారు. 2021లో ఒడిశాలో బిళ్ల వేసిన ఒక రిడ్లీ 2025 జనవరిలో మహారాష్ట్రలోని గుహాగర్ తీరాన గుడ్లు పెడుతూ దొరికింది; తూర్పు తీరపు తాబేలు పడమటి తీరానా గుడ్లు పెడుతుందని ఆ బిళ్ల మీది అంకెలు చెప్పాయి. ప్రాణంతో ఉన్న తాబేలైతే బిళ్లను పీకకుండా రెండు వైపులా ఫొటో తీయాలి, ఎందుకంటే ఒక వైపు సంఖ్య, రెండో వైపు దానిని ఎవరికి తెలపాలో ఆ చిరునామా ఉంటాయి. ఉప్పుకు మాసిపోయి అంకెలు కనబడకపోతే బొటనవేలితో తడి ఇసుక రాసి తుడిస్తే తేలుతాయి.